ఇవాళ ఎలా పోయాను?

వేళ్ళకు ఉల్లిపాయ వాసన.

ఎన్నిసార్లు కడిగినా పోదు. సబ్బు రుద్దినా, నిమ్మచెక్క రుద్దినా — ఆ ఘాటు గోళ్ళ సందున దాక్కునే ఉంటుంది.

వంటామెకు అది మంగళవారాల వాసన.

కొండవాలున చిన్న మతకళాశాల. పదకొండుమంది విద్యార్థులు, ముగ్గురు ఉపాధ్యాయులు, ఒక వంటగది. విద్యార్థులంతా రేపు మతగురువులై, చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళి నాలుగు మంచిమాటలు చెప్పాల్సినవాళ్ళు. ఆ మాటలు ఎవరిమీదో ఒకరిమీద నేర్చుకోవాలి కదా.

ఆమెమీద నేర్చుకునేవారు.

ప్రతి మంగళవారం వంట ముగించి, ఏప్రన్ జేబులో అర ఉల్లిపాయ వేసుకుని, తరగతి గదిలో కుర్చీలో కూర్చునేది. అప్పుడే మొగుడు పోయిన ఇల్లాలు తను. పెద్దసారు ఇచ్చే చీటీలో చావు రాసి ఉండేది — ఒక వారం జ్వరం, ఒక వారం ఏరు, ఒక వారం జారిన నిచ్చెన. విద్యార్థి వచ్చి ఓదార్చేవాడు. ఆమె జేబులో వేళ్ళు పెట్టి, ఆ వేళ్ళతో కళ్ళు తుడుచుకునేది. ఇక ధారలే.

చివర పెద్దసారు అడిగేవారు. "ఓదార్పు కలిగిందా అమ్మా?"

కలిగిందంటే గట్టెక్కినట్టు. మూడుసార్లు లేదంటే మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

ఇంటికెళితే మొగుడు. ఒళ్ళో ఎవరిదో గొడుగు, పళ్ళ మధ్య దారప్పోగు. గొడుగులు బాగుచేసే మనిషి. తలెత్తకుండానే అడిగేవాడు.

"ఇవాళ ఎలా పోయాను?"

"ఏట్లో కొట్టుకుపోయావు."

"పోయినవారం జ్వరమన్నావుగా! కానీలే. చచ్చాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందట. ఈ లెక్కన నిన్ను ఇప్పట్లో వదిలేలా లేను."

ఆమె నవ్వేది. పదేళ్ళుగా నవ్వేది.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో ఒకడు నలభై దాటినవాడు. ఇరవయ్యేళ్ళు లారీ నడిపి వచ్చాడు. డ్రైవరనే పిలిచేవారు. మాటలన్నీ కంఠతా పట్టేవాడు, ఆమె ముందుకు రాగానే మరిచేవాడు. మొదటిసారి, "అక్కా, కుర్చీ కాలు ఊగుతోంది, ఒకసారి లే" అన్నాడు. రెండోసారి, "పొయ్యిమీద ఏదో మాడుతోందక్కా" అన్నాడు. నిజంగానే మాడుతోంది. ఆమె పరుగెత్తింది.

ఓదార్పు కలిగిందా? లేదు సారూ.

కలిగిందా? లేదు సారూ.

రెండయ్యాయి.

ఎండలు పోయాయి. వానలొచ్చాయి. గొడుగుల కాలం... ఇంటినిండా విరిగిన ఊచలు, తడిగుడ్డ వాసన.

ఒక ఉదయం ఒళ్ళో నల్లగొడుగుతో కూర్చున్నవాడు, కూర్చున్నట్టే తల వాల్చేశాడు. వేళ్ళ మధ్య సూది. సూదిలో దారం లేదు.

ఈసారి చీటీ ఎవరూ ఇవ్వలేదు.

పదిమంది వరసగా వచ్చారు. ఆమె దగ్గర నేర్చుకున్న మాటలే ఆమెకు చెప్పారు. చిన్నవాడు చెప్పి ముగించగానే, "బాగా చెప్పావు నాయనా, గొంతు కాస్త తగ్గించు" అంది.

అని, నాలుక కరుచుకుంది.

కన్నీళ్ళు రాలేదు. ఎందుకు రావు? తనది మనసా, బండరాయా? ఉన్నవన్నీ మంగళవారాల్లోనే అయిపోయాయా? లేక అప్పుడు ఏడ్చిందే నిజమూ, ఇప్పుడిది ఆటా? లోపలికి చూసుకుంటే పొగ... ఎటు చూసినా పొగే.

డ్రైవరు ఓదార్చడానికి రాలేదు. ఆ నల్లగొడుగుకు మిగిలిన కుట్టు వంకరటింకరగా వేసి, ఎవరిదో వాకబు చేసి, ఇచ్చి వచ్చాడు.

మంగళవారాలు ఆపేశారు. చలి వచ్చింది, పోయింది. ఏడాది చివరి పరీక్ష మిగిలింది.

"ఈసారి ఇంకెవరినైనా కూర్చోబెడదాం అమ్మా," అన్నారు పెద్దసారు.

"ఎవరు కూర్చుంటారు సారూ? నాకైతే అలవాటే."

ఎందుకు అలా అందో ఆమెకే తెలియదు.

పదిమందికీ కలిగింది, కలిగింది అని చెప్పేసింది. ఒక్క మాటా చెవికెక్కలేదు.

పదకొండోవాడు డ్రైవరు. ఎదురుగా కూర్చున్నాడు. చేతులు నలుపుకున్నాడు. కిటికీ అవతల చినుకు మొదలైంది...

"అక్కా... ఆయన ఎలా పోయారు?"

అలా అడగకూడదని పుస్తకంలో ఉంది. అందుకే ఇన్ని నెలలుగా ఎవరూ అడగలేదు.

ఏట్లో అనబోయింది. చీటీలో అదే ఉంది.

"గొడుగు కుడుతున్నాడు తమ్ముడూ," అంది. "నేను అటు తిరిగి ఉల్లిపాయలు కోస్తున్నా. కళ్ళు ఆనడం లేదే, సూదిలో దారం ఎక్కించి పో అన్నాడు. ఉండవయ్యా, చేతులు కడుక్కుని వస్తా అన్నాను..."

కడుక్కునే లోపే.

కళ్ళు నిండాయి. కన్నీళ్ళు జారాయి. వేళ్ళతో తుడుచుకున్నా ఆగలేదు.

పెద్దసారు కలం తెరిచారు. గొంతు సవరించుకున్నారు.

"ఓదార్పు కలిగిందా అమ్మా?"

ఏడుపైతే వచ్చింది. ఓదార్పు వచ్చిందా? ఇదే ఓదార్పా? కలగలేదు, మానుతున్న పుండు రేగింది అంతే — అలాగని లేదంటే ఈ మనిషి రేపు లారీ ఎక్కాలి. కలిగిందంటే ఈ ఒక్క ఏడుపూ మంగళవారాల్లో కలిసిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డ్రైవరు ఆమెవైపు చూడటం లేదు. ఊగే కుర్చీ కాలు వైపు చూస్తున్నాడు.

అలవాటుగా జేబులో చెయ్యి పెట్టింది. ఖాళీ. ఉల్లిపాయ వంటింట్లోనే మరిచిపోయింది.

"అమ్మా?"

తడిసిన వేళ్ళు ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

అదే వాసన...