మూడో కంపైలరు

రెండో కంపైలరూ మూడో కంపైలరూ ఒకటి కావని తెర మీద కనబడగానే ఉదయశ్రీ ఇడ్లీ పొట్లం పక్కన పెట్టేసింది.

హోసూరులోని ఆ చిన్న ఆఫీసులో తయారయ్యేది ఒక లినక్స్, కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు. దాన్ని వాడేవాళ్ళు ప్రతి ప్రోగ్రామునూ మూల కోడు నుంచి తమ కంప్యూటరులోనే కట్టుకుంటారు. అలా కట్టే పనిముట్టే కంపైలరు. దాని కొత్త కోడు వారానికోసారి వస్తుంది. స్నాప్‌షాట్ అంటారు. అది పనికొస్తుందో రాదో తేల్చడం ఉదయశ్రీ పని.

పరీక్ష మొండిది. పాత కంపైలరు కొత్తదాన్ని కడుతుంది. ఆ కొత్తది తనను తాను మళ్ళీ కట్టుకుంటుంది, ఆపైన ఇంకోసారి. రెండోదీ మూడోదీ పొల్లుపోకుండా ఒకటే కావాలి. కాకపోతే ఎక్కడో తప్పున్నట్టు.

ఈ వారం కోడులో పెద్ద మార్పు ఒక్కటే, యతీశ్‌ది. పాత కంప్యూటర్లలో కూడా ఈ లినక్స్ త్వరగా కట్టుకోవాలని ఆరు నెలలు దాని మీద కూర్చున్నాడు. ఈ ఏడాది విడుదల జాబితా సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. ఉదయశ్రీ తప్పని రాస్తే ఆ మార్పు మళ్ళీ ఏడాది దాకా బయటే.

రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ పనంతా నేర్పింది యతీశే. పండగకని గురుబరపల్లిలో ఇంట్లో ఉన్నాడు. ఫోన్ చేసింది.

"నీ మార్పు మీదే అనుమానంగా ఉంది, యతీశ్."

"నాదైతే తీసెయ్ అక్కా. ముఖం చూసి వదలొద్దు."

"ఫోన్లో ముఖం ఎక్కడ కనబడుతుంది?"

"అయితే ఇంకా సులువు." నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. "ఒగసారి మళ్ళా కట్టు. తప్పు అదే ఫైల్లో వస్తుందా, యాడన్నా వేరే చోట వస్తుందా, అది చూడు."

తన మార్పు పోతుందని తెలిసీ దారి చెబుతున్నాడు.

మళ్ళీ కట్టింది. ఈసారి పోలిక దాకా పోనేలేదు. వేరే ఫైలు దగ్గర కంపైలరే కూలిపోయింది. యతీశ్ మార్పు లేని పోయిన వారం స్నాప్‌షాట్ పెట్టింది. పోయిన శుక్రవారం ఇదే యంత్రం మీద సాఫీగా నెగ్గినది. అదీ కూలింది, మరో చోట.

కోడు తప్పయితే ఎప్పుడూ ఒకే చోట పడుతుంది. పడే చోటు ఇలా మారుతోందంటే తప్పు యంత్రానిది.

పన్నెండు దాటింది. కరెంటు తీసి, కంప్యూటరు డబ్బా విప్పి, మెమరీ ముక్క ఒకటి పీకి కిటికీ దగ్గర పట్టుకుంది. ముక్క నడుమ చందనం బొట్టు. దాని మీద కుంకుమ. కింద గాడిలో కరెంటు అందుకునే బంగారు రంగు పళ్ళ నిండా ఎర్రటి పొడి.

బుధవారం ఆయుధపూజ. ఆఫీసు తాళాలు చూసుకునే కేశవప్ప ప్రతి డబ్బాకూ బొట్టు పెట్టడం ఆమె కళ్ళారా చూసింది. కానీ బయట. లోపలికీ ఆయనే పోయాడా?

కోపం రావాల్సింది. రాలేదు. ఈ ఊళ్ళో ఆమెకు గది వెతికిపెట్టింది ఆ కేశవప్పే.

గాడులు బ్రష్షుతో దులిపింది. రెండో ముక్క కూడా పీకి, రెండింటి పళ్ళనూ కాగితం మీద పెట్టి రబ్బరుతో రుద్దింది. రెండు ముక్కలూ టక్కుమనేదాకా నొక్కి, యతీశ్ మార్పుతో సహా కొత్త స్నాప్‌షాట్‌ను మళ్ళీ మొదలుపెట్టింది. రెండూ యాభైకి ఫలితం వచ్చింది. రెండోదీ మూడోదీ ఒకటే.

మార్పు బాగుందని రాసి పంపేసి, ఫోన్ చేసింది.

"నీది నెగ్గింది, యతీశ్."

"నీకు రుణపడినానక్కా."

"నేనే పడ్డాను. ఎలా చూడాలో చెప్పింది నువ్వు."

ఫోన్ పెట్టేసరికి కేశవప్ప టీ తెచ్చి నిలబడి ఉన్నాడు. కాగితం మీది ఎర్రటి రబ్బరు పొట్టు చూసి గ్లాసు కింద పెట్టేశాడు.

"కేశవప్పా, ఈ డబ్బా లోపల..."

ఆయన మాట పూర్తికానివ్వలేదు.

"తెరిచింది నేనేనమ్మా. ముప్పై ఏండ్లు లేత్ షెడ్డులో పనిచేసినాను. ఆడ ఆయుధపూజ అంటే మిషను విప్పి, లోపలంతా తుడిచి, పనిచేసే ప్రతి ముక్కకూ బొట్టు పెడతాము. పైన పెడితే రేకుకు పెట్టినట్టే కదమ్మా. నా పెండ్లాం నాగరత్నం ఆపరేషన్ కాగితాలు యాడనో పోతే, నువ్వు దీంట్లోనే ఆస్పత్రి సైటు తెరిచి నిమిషంలో మళ్ళా తీసిచ్చినావు. ఈపొద్దు అది లేచి తిరగతా ఉంది. ఈ మిషనుకు ఏమన్నా చెయ్యాలనిపించింది. క్లిప్పు నొక్కితే వచ్చిన ముక్కలు రెండూ తుడిచి, బొట్టు పెట్టి, యాడివి ఆడనే పెట్టినాను. పొద్దున నువ్వు ఫోన్లో యతీశప్ప మీద అనుమానమంటే విన్నాను. అప్పుడే చెప్పాల్సింది, భయపడినాను. తప్పు ఆ పిల్లోనిది కాదమ్మా, నాది."