లోపలి నట్లు

నేను ఒక స్పేసర్ని. జీపు ఇరుసు చివర ఉండే హబ్బుకీ చక్రానికీ మధ్య బిగించే అల్యూమినియం బిళ్ళని, రెండు వేళ్ళ మందం ఉంటాను. చక్రం వెనక దాక్కుని బతికినదాన్ని కాబట్టి నన్ను చూసినవాళ్ళు తక్కువ. నా వల్ల ఒక మనిషి కాలు పోయింది. ఆ సంగతి తల దించుకునే చెబుతాను.

విశాఖలో లేతు మిషను మీద పుట్టాను. మేం నలుగురం ఒకే అట్టపెట్టెలో పాడేరు చేరాం. మమ్మల్ని కొన్నది మల్లుపడాల్. సంత రోజుల్లో జనాన్ని, సెలవుల్లో మబ్బులు చూడవచ్చే పట్నంవాళ్ళని తిప్పే జీపు అతనిది. మంచి డ్రైవరు. ఘాట్‌లో హారను కొట్టకుండా మలుపు తిరిగి ఎరగడు. కానీ స్టాండులో పక్క జీపులు ఛాతీ విరుచుకుని వెడల్పుగా నిలబడితే అతని ప్రాణం ఉసూరుమనేది. పైగా కొత్తగా వేయించిన లావు టైర్లు మలుపుల్లో లోపల బండి బాడీకి రాసుకుంటున్నాయి. చక్రాలు బయటికి జరిపితే రెండు బెంగలూ తీరతాయని ఎవరో చెప్పారు. సలహా ఇచ్చేవాళ్ళు సగమే ఇస్తారు. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీదా బోల్టుల మీదా భారం పెరుగుతుందన్న మిగతా సగం ఆ పెద్దమనిషి దగ్గరే ఉండిపోయింది.

మెకానిక్ గఫూర్ మాత్రం చెప్పాడు.

“తమ్ముడూ, దీనికి రెండు వరసల నట్లు. లోపలివి దీన్ని హబ్బుకి పట్టుకుంటాయి, బయటివి చక్రాన్ని దీనికి పట్టుకుంటాయి. వంద కిలోమీటర్లు తిరిగాక రా. చక్రం ఊడదీసి లోపలివి మళ్ళీ బిగించాలి.”

మల్లుపడాల్ బుర్ర ఊపాడు. అప్పటికే మాకు పూజ చేసి తెచ్చాడు. ముందూ వెనకా పసుపు ముద్ద దట్టంగా మెత్తి, కుంకుమ బొట్లు పెట్టాడు. గఫూర్ గుడ్డ తీసి తుడవబోయాడు. నేనూ హబ్బూ శుభ్రంగా అతుక్కోవాలి. మధ్యలో ఏ పూత ఉన్నా అది నలిగి రాలి, బిగువు సడలుతుంది.

“దేవుడి పసుపు భాయ్! తుడిసేత్తావేటి?” అన్నాడు మల్లుపడాల్.

గఫూర్ చెయ్యి ఆగిపోయింది. అవతలివాళ్ళ పూజలో తను వేలు పెడితే ఏం బాగుంటుందని మొహమాటపడ్డాడు. పసుపుతోనే నన్ను బిగించేశాడు.

వంద కిలోమీటర్లు దాటాయి, వెయ్యీ దాటాయి. మబ్బుల సీజను, జీపుకి ఊపిరాడలేదు. మల్లుపడాల్ రోజూ పొద్దున్నే స్పానరు పట్టుకుని నట్లన్నీ సరిచూసేవాడు. అన్నీ అంటే కంటికి కనిపించేవన్నీ. అవి బిగుతుగానే ఉండేవి. లోపల పసుపు పొడై రాలుతోంది, నా నట్లు వదులైపోతున్నాయి. నాకు నోరు లేదు కనుక చప్పుడు చేశాను.

ఆ రోజు తొమ్మిది మందితో సంతకి దిగుతున్నాం. వెనక ఎడమ చక్రంలోంచి టక్కు టక్కుమన్నాను. చింతపండు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వంతల బుద్రి వింది.

“ఏటి బాబూ ఆ సప్పుడు?”

మల్లుపడాల్ రెండుసార్లు ఆపాడు. రెండుసార్లూ దిగి బయటి నట్లే చూశాడు. “అన్నీ గట్టిగానే ఉన్నాయి పిన్నీ” అని బండెక్కాడు. ఆ తర్వాతి మలుపులో హబ్బు బోల్టులు పుటుక్కున తెగాయి. నేనూ చక్రమూ ఒక దారి, జీపు ఒక దారి. జీపు కొండవైపు కాలవలో కూలబడింది. లోయవైపు పోయి ఉంటే ఎవరూ మిగిలేవారు కాదు. ఎనిమిది మంది దెబ్బలతో బయటపడ్డారు. బుద్రి కాలు మాత్రం జీపు కింద నలిగింది. కొండ మీంచి మూట నెత్తిన పెట్టుకుని దిగే మనిషి, ఇప్పుడు గుమ్మం దాటాలన్నా కర్ర కావాలి.

తాగి నడిపాడన్నారు జనం. రోడ్డు గుంత అన్నాడు మల్లుపడాల్. గఫూర్ నన్ను ఏరి తెచ్చి, నా మొహం మీది పసుపు పొడి గోటితో గీకి చూసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా పాత గుడ్డల కింద పెట్టేశాడు. సిగ్గుపడ్డవాళ్ళం ముగ్గురం. ఒక్కరం నోరు విప్పలేదు.

రెండు నెలల తర్వాత ఆ మౌనంలో గఫూరే ముందు ఓడిపోయాడు. వేరే చోట బాగు చేయించుకున్న బండి నిండా జనంతో వెళుతున్న మల్లుపడాల్‌ని ఆపి, నన్ను చేతిలో పెట్టాడు.

“గుంత కాదు తమ్ముడూ. ఆ రోజు నేను తుడవాల్సింది. నువ్వు మళ్ళీ రాకపోతే నేనైనా వెతుక్కుంటూ రావాల్సింది.”

మల్లుపడాల్ నన్ను ఒళ్ళో పెట్టుకుని బండి కదిలించాడు. తర్వాత దారిలో బుద్రి ఇంటి ముందు జీపు ఆపి, లోపలికి వెళ్ళి, నన్ను ఆమె మంచం దగ్గర పెట్టాడు.

“తప్పు నాదే పిన్నీ. లోపలి నట్లు నాను బిగించనేదు. గుంత అని అబద్ధమాడినాను.”

బుద్రి నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“ఇలాటియి ఇంకా ఉన్నాయా బండికి?”

“మూడు. దీని సోట కొత్తది ఏసినాను.”

“ఆటి లోపలియి బిగించినావా?”

మల్లుపడాల్ తల అడ్డంగా ఊపాడు. బుద్రి నన్ను అతని చేతిలో పెట్టి, బయట నిలబడ్డ జీపు వైపు చూపించింది.

“మరి నాకెందుకు సెప్తన్నావు బాబూ? ఆళ్ళకి సెప్పు.”

అతను బయటికొచ్చి, నన్ను పైకెత్తి పట్టుకుని, మొత్తం చెప్పాడు. జీపులోంచి ఒక్కొక్కరే మూటలతో దిగి, నడుచుకుంటూ వెళ్ళిపోయారు.