పోటు దిగేలోగా

మరదలు ఫోన్ చేసేసరికి వదిన తడిబట్టలు దండెం మీద ఆరేస్తోంది.

"వదినా, మా ఆఫీసు పాత కంప్యూటర్, ఆ యూనిక్స్ మెషీన్‌లో నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. దాని ఈడు కార్డు ఇంకెక్కడా దొరకదట. మూడింటికి పెద్ద ఓడ రేవులోకి రావాలి. నువ్వు రావాల్సిందే!"

ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయింది వదినకు. అంతకుముందు పదకొండేళ్లపాటు అలాంటి కంప్యూటర్లకే వైద్యం చేసింది. మిగిలిన బట్టలు బకెట్లోనే వదిలేసి, బీరువా మీది అట్టపెట్టె దించి, అందులోని ఫ్లాపీలనూ, తీగలు అతికే సాల్డరింగ్ కడ్డీనీ సంచిలో పడేసుకుని పరుగున బస్సెక్కింది.

ఓడరేవు కార్యాలయంలో, కింది అంతస్తులో, కిటికీ పక్కనే ఉంది ఆ మెషీన్. రేవులో నీటిమట్టం కొలిచే పరికరం పంపే అంకెలన్నీ దానిలోకే వస్తాయి. అక్కణ్ణుంచి నెట్‌వర్క్ మీదుగా నాలుగో అంతస్తుకు వెళ్లి, ఓడలను లోపలికి నడిపించే పైలట్ల తెర మీద కనిపించాలి. ఆ తెర పొద్దుటి నుంచీ ఖాళీ. మరదలు మెషీన్ ముందు కూర్చుని అయిదు నిమిషాలకోసారి అంకె చూసి ఫోన్‌లో అరిచి చెబుతోంది. గొంతు బొంగురుపోయింది.

"నీ అరుపులు విని ఓడ తెస్తారా?" అంది వదిన.

"తేమంటున్నారు. తెర మీద అంకెలు కదలకపోతే ఓడను బయటే ఆపేస్తారట. ఈ ఓడకు సరిపడా పోటు మళ్లీ రావాలంటే రెండు వారాలు."

వదిన మెషీన్ వెనక్కి వంగి చూసింది. తీగలు తగిలించే సీరియల్ పోర్టులు రెండున్నాయి. ఒకదానికి నీటి పరికరం తగిలించి ఉంది. రెండోది ఖాళీ. ఆమె మొహం చాటంతయింది.

"కార్డు పోతే పోనీ. ఈ రెండో పోర్టులోంచి పక్కబల్ల మీది కంప్యూటర్‌కి తీగ వేద్దాం. అది నెట్‌వర్క్‌లోనే ఉందిగా. ఇది దాని భుజమెక్కి పైకి పోతుంది."

"తీగ మీదా? నత్తలా పోతుందేమో!"

"నిమిషానికో అంకె పోవడానికి రహదారి ఎందుకే? కాలిబాట చాలు."

చిక్కల్లా ఒక్కటే. సీరియల్ లైన్ మీద నెట్‌వర్క్ నడపడం ఆ మెషీన్‌కు తెలియదు. ఆ విద్య ఫ్లాపీల్లోంచి ఎక్కించి, మెషీన్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను మళ్లీ తయారుచేయాలి. తర్వాత మెషీన్‌ను ఆపి లేపాలి. ఆ మాట చెవిన పడగానే మరదలి పై ఆఫీసరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఆపాక లేవకపోతే? ఉన్నది కూడా ఊడుతుంది కదమ్మా!"

"పాత కెర్నల్‌ని వేరే పేరుతో దాచే మొదలుపెడతాను సార్. కొత్తది లేవకపోతే పాతదాన్నే లేపుతా. పది నిమిషాలు నన్ను నమ్మండి."

ఆయన గడియారం చూసుకున్నాడు, ఆమెను చూశాడు, చివరికి తలూపాడు.

మూడో ఫ్లాపీ రెండుసార్లు మొరాయించి, మూడోసారికి కీచుమంటూ దారికొచ్చింది. కెర్నల్ తయారవడానికి ముప్పావుగంట పట్టేలా ఉంది. వదిన ఆలోగా కేబుల్ పని పట్టింది.

"ఇది మాట్లాడింది అది వినాలి, అది మాట్లాడింది ఇది వినాలి. అందుకే ఈ రెండు తీగలూ అటుదిటూ ఇటుదటూ కలపాలి."

"నువ్వూ అన్నయ్యా మాట్లాడుకున్నట్టా?"

"మీ అన్నయ్యకు వినే తీగ ఎక్కడుందే?"

కొత్త కెర్నల్ తయారయ్యాక, ఒకటిన్నరకు వదిన మెషీన్‌ను ఆపి లేపింది. తెర నల్లబడింది. డిస్కు గరగరలాడింది. మరదలు ఆమె భుజం పట్టుకుని నొక్కేస్తోంది. తెల్లటి వరుసలు ఒక్కొక్కటే దిగుతూ వచ్చాయి. వాటి మధ్య కొత్త సీరియల్ లైన్ పేరు!

"లేచిందే!" అని వదిన బల్ల మీద చరిచింది.

నీటి అంకెలు మళ్లీ రావడం మొదలైంది. రెండు వైపులా చిరునామాలిచ్చి, వేగం సరిచేసి, వదిన పక్కబల్ల కంప్యూటర్‌లోంచి ఆ మెషీన్‌ను పలకరించింది. బదులు లేదు. మళ్లీ పలకరించింది. ఉలుకూ పలుకూ లేదు.

రెండు దాటింది, ఓడ రావడానికి ఇక గంటైనా లేదు. వదిన మళ్లీ మొదటి నుంచీ చూసుకొచ్చింది. కేబుల్ చూసింది, బాగానే ఉంది. వేగం చూసింది, రెండు వైపులా ఒకటే. "ఆగు, అసలు అది ఏమంటోందో విందాం," అని తీగ మీద వచ్చేదాన్ని వచ్చినట్టే తెర మీద పెట్టింది. ఒకే మాట, వరుసగా, పదిసార్లు: పేరు చెప్పి లోపలికి రమ్మని.

వదిన పగలబడి నవ్వింది. "ఒకప్పుడు ఈ పోర్టుకి టెర్మినల్, అంటే ఇంకో తెరా కీబోర్డూ, తగిలించి ఉండేదా?"

"ఉండేది, తీసేసి చాలా కాలమైంది."

"టెర్మినల్ పోయినా దాని కాపలావాడు పోలేదే! మనం పంపిన ప్రతిదాన్నీ గుమ్మంలో ఆపి పేరడుగుతున్నాడు."

ఆ పోర్టు దగ్గర పేరడిగే ప్రోగ్రామును ఒక్క మాట మార్చి ఆపేసింది. లైన్ మళ్లీ కలిపింది. పలకరించింది. బదులొచ్చింది! ఒకటి, రెండు, మూడు, ఒక్కటి కూడా తప్పిపోకుండా. మరదలి కేక విని పక్కగది గుమాస్తాలు పరుగెత్తుకొచ్చారు. ఈ అంకెలను పైకి దాటించమని పక్కబల్ల కంప్యూటర్‌కు చెప్పడం ఒక్కటే మిగిలింది. అది చెప్పిన నిమిషానికే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, అంకెలు కదులుతున్నాయ్!" నాలుగో అంతస్తు నుంచి ముసలి పైలట్ గొంతు. "ఎవరు చేశారు?"

"మా వదిన!" అంది మరదలు, ఉన్న బొంగురు గొంతంతా పెట్టి.

మూడింటికి అయిదు నిమిషాలుండగా పెద్ద ఓడ వచ్చి రేవు గోడ దాటింది. కిటికీ నిండా దాని ఎర్రటి పొట్టే. ఆఫీసరు తన కుర్చీ తెచ్చి వదినకు వేశాడు. ఆమె కూర్చుంది గానీ, కళ్లు ఓడ మీద లేవు. కీబోర్డు మీదున్నాయి.

"ఈ లైన్ వేగం రెట్టింపు చేయొచ్చనుకుంటా. చూద్దామా?"

"వదినా!" మరదలు ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "ఓడను రేవుకు కట్టేదాకా ఆ లైన్ జోలికి పోయావంటే ఒట్టే!"