రోజుకు అరవై మంది

వంటగది అల్మారా తలుపు మీద కూతురు అంటించిన కాగితం కంటపడినప్పుడల్లా ఆ తల్లికి కొత్త భయమొకటి పుట్టేది. "బ్లాగ్ మొదలుపెట్టేవాళ్ళకు పదకొండు సూచనలు" అని పైన ఎర్ర సిరాతో శీర్షిక. ఇంటర్నెట్లో ఎవరో పెద్దమనిషి చెప్పినవాటిని పిల్ల కూర్చుని గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

"ఒకే విషయం పట్టుకో." సరే. "నీకు దగ్గరగా తెలిసినదాని గురించే రాయి." అదీ సరే. "వారానికి రెండుసార్లు, చెప్పిన రోజున, చెప్పిన వేళకు రాయి." బడికి వెళ్ళేటప్పుడు ఈ బుద్ధి ఉంటే బాగుండేది, పోనీలే. "కామెంట్ పెట్టిన ప్రతి ఒక్కరికీ ఆ రోజే జవాబివ్వు." ఇదిగో, ఇక్కడికి వచ్చేసరికి ఆమె చేతిలో గరిటె ఆగిపోయేది. ప్రతి ఒక్కరికీ అంటే? ముక్కూ మొహం తెలియనివాళ్ళందరికీనా?

"వాళ్ళేమైనా పిచ్చిమాటలు రాస్తే?" అని మొదటిరోజే అడిగింది.

"తీసేస్తానమ్మా."

"నువ్వు తీసేలోపు నలుగురూ చూసేస్తే?"

"మరకల గురించి రాస్తుంటే ఎవరు తిడతారే అమ్మా! చొక్కా మీద సిరా పోలేదని నా మీద కేసు పెడతారా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కేసు అన్న ఆలోచన తల్లికి అప్పటిదాకా రాలేదు. ఆ పూట అన్నం సయించలేదు.

కూతురు బ్లాగ్ మరకల గురించే. సిరా, గ్రీజు, తుప్పు, టీ, రక్తం, ఏ మరక ఏ గుడ్డ మీద పడితే ఏం చెయ్యాలో ఫోటోలు తీసి మరీ రాసేది. తెలిసిన విషయమే. తల్లి పద్దెనిమిదేళ్ళుగా హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికే పెద్ద లాండ్రీలో మరకల బల్ల దగ్గర పనిచేస్తోంది. చదివింది ఆరో తరగతి. అయితేనేం, దుప్పటి మడత విప్పి వాసన చూసి ఇది కాఫీ, ఇది బూటు పాలిష్, ఇది ఎవరో ఏడ్చి తుడుచుకున్న కాటుక అని చెప్పేయగలదు. చిన్నప్పటినుంచీ పక్కన కూర్చుని విన్న కబుర్లే పిల్ల ఇప్పుడు రాస్తోంది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. చదువు పూర్తయి ఏడాదైంది, ఉద్యోగం లేదు. ఏదో ఒకటి చేసుకుంటోందిలే అని తల్లి సరిపెట్టుకోవాలి. కానీ సరిపెట్టుకోవడం ఆమె జాతకంలో లేదు.

లాండ్రీలో బట్టలుతికే పెద్ద డ్రమ్ములు మూడున్నాయి. ఒకటి తిరగడం అయిపోయాక గంట కొడుతుంది, ఇంకో పావుగంటకు ఇంకొకటి. గంట కొట్టాక తలుపు తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో మిగతావాళ్ళు నడుం వాల్చేవాళ్ళు, నీళ్ళు తాగేవాళ్ళు. ఆమె మాత్రం చేయి తుడుచుకుని ఫోన్ తీసేది. బ్లాగ్ తెరిచేది. బొటనవేలితో సర్రున అడుగుకు తోసేది. అడుగున కామెంట్లుంటాయి. ఎవరైనా ఏమైనా అన్నారేమో చూసి, ఏమీ లేకపోతే ఊపిరి పీల్చుకుని మూసేది. మూశాక, సరిగ్గా చూశానో లేదోనని మళ్ళీ తెరిచేది.

నెలన్నరలో వచ్చినవి మూడే కామెంట్లు. ఒకటి మేనమామది: "బాగుంది." రెండోది కూడా మేనమామదే: "చాలా బాగుంది." మూడోది జుట్టు రాలకుండా చేసే నూనె ప్రకటన. దాని వెనక ఏదో ముఠా ఉందని తల్లి రెండు రోజులు వణికిపోయింది.

"నీ భయాలకి జీతమిస్తే ఈ లాండ్రీని నువ్వే కొనేసేదానివి," అనేది ఆవిరక్క. ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గర నిలబడీ నిలబడీ ఆమె అసలు పేరు అందరూ మర్చిపోయారు. తల్లి ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే ఆవిరక్క ఫోనే తీసుకుని చూసేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం సాయంత్రం, పని నుంచి ఇంటికొచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే, కూతురు లాప్‌టాప్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. మొహం వెలిగిపోతోంది.

"చూడు. నిన్న అరవై నాలుగు. ఇవాళ ఇప్పటికే యాభై ఎనిమిది. రోజుకి అరవై మందమ్మా!"

"ఎవరు వాళ్ళు?" అంది తల్లి. అరవై మంది!

"అదే తెలీదు. కానీ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళే. ఎనిమిదో సూచన చదివావుగా? పాఠకులు ఏ వేళ వస్తారో గమనించు అని. ఇదిగో గ్రాఫ్. పొద్దున్న ఎనిమిదింటికి మొదలవుతారు. పావుగంటకోసారి లేస్తుంది చూడు, అలలాగా. ఒంటిగంటకి అరగంట ఎవరూ ఉండరు. సాయంత్రం ఐదింటికి ఠక్కున ఆగిపోతుంది. శని, ఆదివారాలు ఎక్కువ. గురువారం మధ్యాహ్నం మాత్రం సున్నా. ఎందుకో ఎంత ఆలోచించినా అర్థం కావట్లేదు."

తల్లికి అర్థమైంది. ఎనిమిదింటికి ఆమె షిఫ్టు మొదలు. ఒంటిగంటకు భోజనం. శని, ఆదివారాలు హోటళ్ళు నిండుతాయి, లోడ్లు పెరుగుతాయి. గురువారం మధ్యాహ్నం బాయిలర్ కడుగుతారు, ఆమె ఇంటికొచ్చి పడుకుంటుంది. తెర మీద నీలం రంగులో లేచి పడుతున్నది ఆమె రోజే. గంట కొట్టిన ప్రతిసారీ ఒక అల.

"నేను చూస్తే కూడా... ఇందులో పడుతుందా?" అని మెల్లగా అడిగింది.

"నువ్వెప్పుడో ఒకసారి చూస్తే ఒకటి పడుతుంది. దాందేముంది? అసలు విషయం విను. డెంటల్ క్లినిక్ వాళ్ళు శనివారంలోపు చెప్పమన్నారు కదా, రిసెప్షన్ ఉద్యోగం. వద్దని చెప్పేద్దామనుకుంటున్నా."

"వద్దనా!"

"తొమ్మిది నుంచి ఆరు దాకా అక్కడే కూర్చుంటే ఇదెప్పుడు రాయను? మరకల ఫోటోలకి పగటి వెలుగుండాలి. అరవై మంది ఎదురుచూస్తున్నారమ్మా."

"పని వద్దనమని ఆ కాగితంలో ఉందా?"

"లేదు. అది నా నిర్ణయం."

చెప్పేయాలి. ఆ క్షణమే చెప్పేయాలి. కానీ పిల్ల మొహం చూస్తే నోరు పెగల్లేదు. ఏడాదిగా ఆ మొహంలో అంత వెలుగు లేదు. "చెప్పులు విప్పొస్తా," అని లోపలికి పోయి, స్నానాలగదిలో గోడకానుకుని నిలబడింది. చెప్తే పిల్ల కుప్పకూలిపోతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. పోయాక ఏదో ఒకరోజు నిజం తెలుస్తుంది, అప్పుడు రెండూ పోయి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఎక్కడికి వెళ్తుందో, ఎవరితో వెళ్తుందో, ఏ బస్టాండులో కూర్చుంటుందో కూడా ఆమె కళ్ళకు కట్టింది.

మర్నాడు షిఫ్టు మొదలవగానే ఆవిరక్కకు చెప్పుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకు, దుప్పటి తడుస్తుంది," అంది ఆవిరక్క. "అంటే ఆ అరవై మందీ నువ్వేనా?"

"నీ ఫోన్ కూడా ఉందిగా."

"అయితే నేనో పది మందిని!" ఆవిరక్క పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, తల్లి మొహం చూసి ఆపింది. "ఇవాళే చెప్పెయ్యవే. నాన్చకు."

"చెప్పను. చూడ్డం మానేస్తా. అంకె తగ్గిపోతుంది. దానికే తెలిసొస్తుంది, క్లినిక్‌లో చేరిపోతుంది. నేను చెప్పినట్టూ ఉండదు."

"నువ్వు? మానేస్తావా?"

మానేసింది. అది ఎంత కష్టమో ఆమెకే తెలుసు. సోమవారం పొద్దున్న మొదటి గంట కొట్టగానే చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోయింది. ఫోన్ తీసి ఆవిరక్క సంచిలో పడేసింది. అడుగున ఇప్పుడెవరో ఏదో రాసే ఉంటారు. సరిగ్గా తను చూడని రోజునే రాస్తారు. ఏ పనీ సాగక, టీ మరక మీద తుప్పు మందు పోసి ఒక బల్లగుడ్డ పాడుచేసి సూపర్‌వైజర్ చేత నాలుగు చీవాట్లు తింది.

సోమవారం అంకె ఐదు. మంగళవారం నాలుగు. బుధవారం మూడు.

కూతురు మొహం మాడిపోయింది. అన్నం ముందు కూర్చుని కెలుకుతోంది. ఇప్పుడంటుంది, ఇక చాలు, క్లినిక్‌కి ఫోన్ చేస్తా అని ఇప్పుడే అంటుంది, అని తల్లి ఎదురుచూసింది.

గురువారం సాయంత్రం కూతురు అల్మారా ముందు నిలబడి చాలాసేపు ఆ కాగితం వంక చూసింది. తర్వాత ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి, దవడ మాత్రం బిగిసి ఉంది.

"పదకొండోది చూశావా అమ్మా? 'పాఠకులు తగ్గినప్పుడే వదిలేయకు. ఆ దశ అందరికీ వస్తుంది. వదిలినవాళ్ళే ఓడిపోతారు.' నా తప్పే. ఉద్యోగం మీద ఒక కన్నేసి సగం మనసుతో రాస్తే వాళ్ళకి తెలిసిపోదా? శనివారం దాకా ఎందుకు, ఇప్పుడే క్లినిక్‌కి ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా."

తల్లికి ఒళ్ళు మండిపోయింది. కూతురి మీదా, తన మీదా కాదు, ఆ కాగితం మీద. పెరిగితే రాయమంటుంది, తగ్గినా రాయమంటుంది. ఎటు తోసినా ఆ పెద్దమనిషి దగ్గర ఒక సూచన సిద్ధంగా ఉంది!

"ఆ ఫోన్ కింద పెట్టు," అంది.

"ఎందుకు?"

"వాళ్ళెవరూ లేరే చిన్నీ. ఆ అరవై మందీ నేనే."

కూతురు నవ్వబోయింది. "అరవై సార్లు నువ్వెందుకు చూస్తావు?"

తల్లి ఫోన్ తీసింది. బ్లాగ్ తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. "నీ లాప్‌టాప్‌లో చూడు." ఇంకోసారి తెరిచింది. తెర మీద రెండున్న అంకె ఐదైంది. "ఎనిమిదింటికి నా షిఫ్టు. పావుగంటకోసారి గంట. గురువారం బాయిలర్. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే ఆవిరక్క ఫోన్లో చూసేదాన్ని."

కూతురు అంకెను చూస్తూ ఉండిపోయింది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది, కట్టడానికి ఎవరూ లేవలేదు.

"ఆదివారమే తెలుసా నీకు? నేను గ్రాఫ్ చూపించినప్పుడు?"

తల్లి లేచి వెళ్ళి కుళాయి కట్టింది.

"నాలుగు రోజులు నన్ను చూస్తూ కూర్చున్నావు. ఏం తప్పు రాశానో అని పాతవన్నీ తీసి మళ్ళీ మళ్ళీ చదువుకున్నా నేను!"

"ఎవరైనా నిన్ను ఏమైనా అంటారేమోనని భయమేసి చూసేదాన్నే. నీ మీద నమ్మకం లేక కాదు, వాళ్ళ మీద."

"ఏ వాళ్ళు? ఎవరూ లేరుగా!" కూతురి గొంతు పగిలింది. "పోనీ, చదివావా? అన్నిసార్లు తెరిచావుగా. ఏది బాగుంది?"

అబద్ధం చెప్పేస్తే సరిపోయేది. తల్లికి ఆ తెలివి ఎప్పుడూ లేదు. "కిందికి పోయి కామెంట్లే చూసేదాన్ని."

"ఒక్కటి కూడా?"

"నాకు చదవడం ఎంతసేపు పడుతుందో నీకు తెలుసుగా. రెండు నిమిషాల్లో తలుపు తెరుచుకుంటుంది..."

కూతురు అరిచి ఉంటే బాగుండేది. ఫోన్ తీసుకుని తల్లి ముందే క్లినిక్‌కి చేసి, "శుక్రవారం నుంచే వస్తానండీ, అవునండీ, రేపే," అని పరాయిదానిలా చెప్పింది. తర్వాత లాప్‌టాప్ మీద నాలుగు మీటలు నొక్కింది.

"కామెంట్లు మూసేశాను. ఇక అడుగున ఏమీ ఉండదు. హాయిగా పని చేసుకో."

శుక్రవారం తొమ్మిదిన్నరకు మళ్ళీ గంట కొట్టాక, ఇక ఆగలేక తల్లి ఫోన్ తీసింది. కూతురు పొద్దున్న కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది, దారిలో ఏమైందో, కొత్త చోట ఎవరేమంటున్నారో. బ్లాగ్ తెరిచి బొటనవేలితో అడుగుకు తోసింది. అక్కడ తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. పైకి తోసింది, కిందికి తోసింది. వేలికి పోవడానికి చోటు లేక, చిట్టచివరికి, పిల్ల మొట్టమొదట రాసిన దాని మొదటి వాక్యం దగ్గర ఆగింది. పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం కూడగట్టుకుంటూ చదివింది.

"రక్తం మరకకు మా అమ్మ పద్ధతి. మా అమ్మ పద్దెనిమిదేళ్ళలో వదిలించలేని మరక లేదు."

అది ఇంకోసారి చదువుకుంది. తర్వాతి వాక్యం చదివింది.

"గుడ్డను బాగా వేడి నీళ్ళలో అరగంట నానబెట్టాలి."

"అయ్యయ్యో!" అని ఆమె వేసిన కేకకు ఆవిరక్క ఇస్త్రీ వదిలి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే, ఎవరు పోయారు?"

"వేడి నీళ్ళట! రక్తానికి వేడి నీళ్ళు పోస్తే మరక ఉడికి గుడ్డలో కలిసిపోదూ? జిడ్డుకి వేడన్నాను, రక్తానికి చల్లటివన్నాను, రెండూ కలిపేసిందే! పైగా 'మా అమ్మ పద్ధతి' అని పెట్టింది! ఎవరింట్లో ఉన్న ఒక్క తెల్ల చొక్కా వేడి నీళ్ళలో పడుందో ఏమో ఇప్పుడు, నా పేరు చెప్పి!"

"ఎవరూ చదవట్లేదన్నావుగా?"

"రోజుకి ముగ్గురున్నారే! ముగ్గురు మనుషులు కాదా?"

కింద రాద్దామంటే కామెంట్లు లేవు. కూతురు ఇంటికొచ్చేది సాయంత్రం ఆరున్నరకు. అప్పటిదాకా ముగ్గురి చొక్కాలు ఏం కావాలి? ఎందుకైనా మంచిదని క్లినిక్ నంబర్ చీటీ మీద రాసి జాకెట్లో దోపుకుని వచ్చింది ఆమె. నొక్కింది.

"నమస్కారమండీ, డెంటల్ క్లినిక్," అంది కూతురు గొంతు, కొత్తగా, నున్నగా.

"రక్తానికి వేడి నీళ్ళు కాదే!"

అటువైపు కుర్చీ కిర్రుమంది. తర్వాత, పళ్ళ బిగువున, గుసగుసగా: "అమ్మా. మొదటిరోజు. పెట్టెయ్."

"చల్లటి నీళ్ళే. వేడి తగిలితే ఇక జన్మలో పోదు. నువ్వు రాసింది చదివాను. అంతా తప్పు!"

వెనక ఎవరో మగగొంతు ఏదో అడుగుతోంది. కూతురు గొంతు పెంచి, "అవునండీ, ఒక పేషెంట్ అండీ," అని ఎవరికో చెప్పింది. కాగితం చిరిగిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు.

"చెప్పండి," అంది ఫోన్లోకి. "చల్లటి నీళ్ళలో ఎంతసేపండీ?"