అరవై శనగ మొక్కలు

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగొచ్చి నల్లరేగడి చేల మీద పడుకుంది. మంచుకు దారి కానరాక, జమ్మలమడుగు బస్సు ముద్దనూరు దాటేదాకా డ్రైవరు లైట్లు ఆర్పలేదు. కిటికీ పక్కన ముడుచుకుని కూర్చున్న నారాయణకు మాత్రం లోలోపల సంతోషంగా ఉంది. ఇట్లాంటి చలికే శనగ పూత నిలుస్తుంది.

నారాయణ యూనివర్సిటీలో కొత్తగా కట్టిన సైన్స్ అండ్ టెక్నాలజీ భవనంలో ల్యాబ్ అటెండరు. నాలుగంతస్తుల అద్దాల మేడ అది. మూడో అంతస్తులో, తెరుచుకునే ఒకే ఒక్క కిటికీ వారగా, అరవై చిన్న కుండీల్లో అరవై శనగ మొక్కలున్నాయి. ప్రొద్దుటూరు నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న హరిణి, నీళ్లు తగ్గించే కొద్దీ అవి ఎన్నాళ్లు ఓర్చుకుంటాయో రోజూ కొలిచి రాసుకుంటోంది.

విత్తనం నారాయణది. తాతల నాటి ఎర్ర శనగ. పోయినేడు వాన ఎగ్గొట్టి, చేలో వేసిందంతా మాడిపోయింది. తల్లి పెంచలమ్మ వేపాకు కలిపి కుండలో దాచిన గుప్పెడే మిగిలింది.

"చేలో యేస్తే మళ్లా ఎండిపోతాది. సదువుకున్నోళ్ల చేతిలో పెట్టు, నాలుగు గింజలు నిలబెడతారు" అని ఆమే మూటగట్టి ఇచ్చింది. ఇంట్లో ఇంకో గింజ లేదు.

మొన్న సాయంత్రం రెండు మొక్కలకు ఊదారంగు పూలు చూసి ఇంటికి వెళ్లాడు. నిన్న అమ్మకు కళ్లు చూపించాలని సెలవు పెట్టాడు.

మూడో అంతస్తులో ఫినాయిలు వాసన గుప్పుమంది. కుండీలుండే బల్ల మీద తెల్లటి మిషను ఒకటి కూర్చుని ఉంది. దానికి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. పక్కన రెండు ప్లాస్టిక్ పూల చెట్లు.

"కుండీలేవి?"

సూపర్‌వైజరు అవినాష్ ఫోన్లోంచి తలెత్తలేదు. "కమిటీ వస్తాంది మామా, యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చేవాళ్లు. మట్టీ చెత్తా కనపడగూడదన్యాడు డైరెక్టర్ సారు. నిన్న సాయంత్రమే తీపించినాం."

"అది చెత్త కాదప్పా, విత్తనం."

"సేద్యం చేసుకునేదానికి మీ ఊర్లో చేను లేదా మామా? ఈడ సైన్సు చేస్తాండాం."

నారాయణ మెట్లు దిగి భవనం వెనక్కి పోయాడు. చెత్త ట్రాక్టరు తెల్లారకముందే వచ్చి పోయింది. ఖాళీ కుండీలు రెండు గోడవార దొర్లుతున్నాయి. వాటి ముందు హరిణి, ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చుని ఉంది.

"ముప్పై ఎనిమిది రోజులు నారాయణన్నా" అంది.

పదకొండింటికి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. డైరెక్టరు పద్మనాభయ్య ముందు నడుస్తూ తెల్ల మిషను దగ్గర ఆగాడు. "జిల్లా రైతుల కోసం మట్టిని, విత్తనాన్ని ఇక్కడే పరీక్షిస్తున్నాం సార్."

"ఏదీ, ఒకసారి నడిపించండి" అన్నాడు కమిటీలో పెద్దాయన.

పద్మనాభయ్య అవినాష్ వైపు, అవినాష్ నారాయణ వైపు చూశారు. ఎవరైనా అట్లా అడిగితే కరెంటు పోయిందని చెప్పమని అరగంట కిందటే నేర్పించారు.

"అది నడవదు సార్" అన్నాడు నారాయణ. "దానికి వైరే రాలేదు. నిన్న వేరే కాలేజీ నుంచి తెచ్చినారు, రేపు ఎత్తుకపోతారు. ఈడ నిజంగా నడిచింది ఒకటుండె. అరవై శనగ చెట్లు. మీరొస్తాండారని, మట్టని చెప్పి పారేసినారు. మట్టి లేకుండా రైతుకు సైన్సు యాడ చేస్తారో నాకు తెలీదు."

పెద్దాయన ప్లాస్టిక్ ఆకును వేళ్లతో నలిపి చూసి ముందుకు కదిలాడు. పద్మనాభయ్య వెనక నిలిచిపోయాడు.

"నాలుగు మొక్కల కోసం అందరి పరువూ తీశావు నారాయణా. మళ్లీ విత్తుకోలేరా?"

"గింజలు యాడుండాయి సార్?"

"బజార్లో శనగలు దొరకవా?"

నారాయణ బతుకులో చాలా తిట్లు తిన్నాడు. ఏదీ ఇంతగా తగల్లేదు. రేపు ఆఫీసుకు రమ్మని చెప్పి డైరెక్టరు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మెట్ల కింద నారాయణ, హరిణి, కింది అంతస్తు ఊడ్చే గురమ్మ ఎప్పటిలాగే గుండ్రంగా కూర్చున్నారు. నారాయణ జొన్నరొట్టెలు విప్పాడు. గురమ్మ తన గిన్నె మూత తీసి మధ్యలోకి జరిపింది.

"శనగాకు పప్పు. పాపకు ముందు పెట్టు నాయనా. నిన్న కుండీలు పారేయమన్యారు. పచ్చగా కళకళలాడతాంటే నాకు మనసొప్పలా. లేత ఇగురు తుంచుకుందామంటే పొద్దు పోయింది, అందుకే మొదలంటా పెరికి కొంగులో యేసుకోని పోయినా. ఎవురు కష్టపడి పెంచినారో గాని, పారేసే ఆకా అది?"

హరిణి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె నారాయణ మొహం చూసింది. నారాయణ గురమ్మ మొహం చూశాడు. ఒకదాన్ని వృథా పోనీయకుండా కాపాడిన తృప్తి ఉంది ఆ మొహంలో.

రొట్టె తుంచి, దాని మీద పప్పు వేసి హరిణి చేతిలో పెట్టాడు. తర్వాత గురమ్మకు, ఆఖరున తనకు. ఆకు పుల్లగా, లేతగా ఉంది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. గిన్నె అడుగున ఒక్క ఆకు కూడా మిగల్చలేదు.