వడ్డించే చెయ్యి

మా ఆయన చొక్కా నేను ఇస్త్రీ చేస్తుంటే ఫోను మోగింది. ఎండీగారు.

"రేపు సబ్బుల కంపెనీ వాళ్ళతో భోజనం గుర్తుందిగా? మనవాణ్ణి వెంటబెట్టుకు రండి. కొత్త ప్లాంటు ఎవరి చేతికిస్తున్నామో వాళ్ళకీ తెలియాలి."

"మరి ఆ అమ్మాయి?" అన్నాను.

"ఆ అమ్మాయికేం, నేర్పడానికి మీరున్నారుగా! ఇంకో రెండేళ్ళు నేర్పండి."

మాది అట్టపెట్టెల కంపెనీ. ఎండీగారు 'మనవాడు' అనే అబ్బాయినీ, ఈ అమ్మాయినీ నా దగ్గరే తర్ఫీదుకి పెట్టారు. అబ్బాయిని నేను యువరాజంటాను, అమ్మాయిని పిడుగంటాను. వానాకాలం పెట్టెలు చెమ్మకి మెత్తబడి, సబ్బుల కంపెనీ మాకు దండం పెట్టేసే సమయంలో, పిడుగు వాళ్ళ గోడౌన్లోనే మకాం పెట్టి పెట్టె తీరే మార్పించింది. ఆ రోజుల్లో యువరాజు ఎండీగారితో షటిల్ ఆడుతున్నాడు. చేతిలోని చొక్కా కాలరు మడత పెట్టి, మళ్ళీ విప్పాను.

హాల్లోంచి "కాఫీలు!" అని మా ఆయన కేక. ఇస్త్రీపెట్టె ఆపి, కాఫీలు కలిపి తీసుకెళ్ళాను. మా ఆయన స్నేహితుల్లో కొత్తాయన "మేడమ్ ఏం చేస్తుంటారు?" అని నన్నే అడిగాడు. జవాబు మాత్రం మా ఆయన దగ్గర్నుంచి వచ్చింది.

"ఏదో అట్టపెట్టెల కంపెనీలెండి. కాలక్షేపం."

నా కింద ఆరువందల మంది పనిచేస్తారు. ఆ ముక్క ఆయనకి తెలియనిదేం కాదు. అత్తగారు కుర్చీలోంచే అందుకున్నారు. "వచ్చిన కొత్తలో పాలు కాయడం కూడా రాదు బాబూ దీనికి. అన్నీ నేనే నేర్పాను." అందరూ నవ్వారు. ఒళ్ళు మండిపోతోంది, అయినా నేనూ నవ్వాను.

కప్పులు కడుగుతూ ఆలోచిస్తే, నాకు నేర్పనివాళ్ళెవరూ కనబడలేదు. ఎలా కూర్చోవాలో అమ్మ నేర్పింది. ఎంత మెల్లగా నవ్వాలో అత్తగారు నేర్పారు. గొంతు తగ్గించి మాట్లాడమని ఎండీగారు నేర్పారు. మా ఆయనైతే కారు నడపడం నేర్పి, మళ్ళీ స్టీరింగు ఆయనే పట్టుకున్నారు. ఆఫీసులో నన్ను గురువమ్మ అంటారు. ఆడపిల్లలంతా నా దగ్గరికే వస్తారు. ధర ఎలా కట్టాలో, మాటకి అడ్డొస్తే ఎలా నిలబడాలో నేర్పుతాను. చక్కగా నేర్చుకుంటారు పిచ్చిమొద్దులు. నేర్చుకుని అక్కడే కూర్చుంటారు. మగపిల్లలకి ఇంత నేర్పు అక్కర్లేదు. ఎవరో ఒకాయన భుజం మీద చెయ్యేసి నలుగురిలో "మనవాడు" అంటాడు, సరిపోతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని ఊరికే అన్నారా? మేమేమో కడబంతిలో నిటారుగా ఎలా కూర్చోవాలో ప్రాక్టీసు చేస్తున్నాం!

"ఏంటలా కప్పుల మీద పడ్డావు?" అంటూ మా ఆయన గుమ్మంలోకి వచ్చారు.

"ఎండీగారు ఆ అబ్బాయిని తెమ్మన్నారు. నేను మాత్రం రేపు భోజనానికి ఆ అమ్మాయిని తీసుకెళ్తున్నాను."

"అబ్బాయిని తెమ్మంటే అమ్మాయినా? వచ్చే నెల నిన్ను డైరెక్టర్ని చేస్తానంటుంటే, చేతులారా ఎసరు పెట్టుకుంటావా? నీకెందుకే ఈ తలనొప్పి!"

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ కుర్చీ కోసం నేనెంత కాచుకున్నానో నాకు తెలుసు.

"సరే గానీ, చొక్కా అయిందా?" అన్నారు మా ఆయన.

"సగం అయింది. మిగతా సగం మీరు చేసుకోండి."

మర్నాడు హోటల్లో మమ్మల్నిద్దర్నీ చూసి ఎండీగారి మొహం మాడిపోయింది. "మనవాడేడీ?" అన్నారు గొంతు తగ్గించి.

"మనమ్మాయిని తెచ్చానండీ," అన్నాను. నేను గొంతు తగ్గించలేదు.

పిడుగు అలవాటుగా నీళ్ళ జగ్గు అందుకుని ఎండీగారి గ్లాసు వైపు వంగింది. జగ్గు దాని చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాను. సబ్బుల కంపెనీ పెద్దాయనకి ఎదురుగా కుర్చీ లాగి కూర్చోబెట్టాను.

"మేడమ్, పరిచయం చేసుకోనా?" అంది నా చెవిలో.

"వద్దు. నేను చేస్తాను."

లేచి నిలబడ్డాను. "మీ సబ్బులు వానలో తడవకుండా ఊళ్ళు దాటుతున్నాయంటే, అది ఈ అమ్మాయి చలవ. కొత్త ప్లాంటు ఈమె చేతికివ్వాలని నేను సిఫారసు చేస్తున్నాను. ఈమె లేకపోతే మా పని నడవదు."

ఎండీగారి చెంచా కంచంలోనే ఆగిపోయింది.

ఆ ఆఖరి మాట నా గురించి ఎవరైనా అంటారేమోనని ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అనడం ఇంత సులువని నాకెవరూ నేర్పలేదు.