కొవాలా చేతికి వెంకటగిరి నూలు

నేను ఒక చేతి తొడుగును. మనిషి చేతికి పట్టను. కార్చిచ్చులో అరచేతులు కాలిన, చెట్లమీద బతికే కొవాలాల కోసం నన్ను కుట్టారు. జానెడు నూలు సంచీ, మూతికి ఒక నాడా, అంతే.

ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఉండే హైమవతి ఇంట్లో పుట్టాను. కొవాలా అంటే అప్పటికి నాకు తెలిసింది ఆమె బల్లమీద పెన్సిలును కరుచుకుని కూర్చున్న బొచ్చు బొమ్మే. దాన్ని అందరూ ఎలుగుబంటి పిల్ల అనేవారు. మనుషులు ముద్దు చేసేవాటి పేరు సరిగ్గా తెలుసుకోరు.

అంతకుముందు నేను పెట్టె అడుగున పదకొండేళ్ళు పడి ఉన్న వెంకటగిరి చీరను. హైమవతి జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టి, మిగిలినది ముక్కలు చేసింది. ఎదురుగా కూర్చుని భర్త పాత లుంగీతో తొడుగులు కుడుతున్న జుబేదా ముక్కు చిట్లించింది. ఇద్దరిదీ నెల్లూరే.

“ఒకసారి నీళ్ళలో జాడించక్కా. కలరా ఉండల వాసన కొడతా ఉండాది.”

“మడత విప్పని చీర ఇది. నీ మొగుడి లుంగీ అనుకున్నావా, ఉతకడానికి?” అంది హైమవతి. కొత్తబట్టకు పెట్టినట్టు నా మూలన పసుపు చుక్క పెట్టి ఊరుకుంది. ఉతికి పంపమని, తొడుగులు అడిగినవాళ్ళు పంపిన కాగితంలో రాసే ఉంది. అది పాతబట్టల సంగతి అనుకుంది.

జంతువుల వైద్యశాలలో నన్ను రూబీ అనే ఆడ కొవాలా కుడిచేతికి తొడిగారు. దాని ఒంటినిండా పొగ వాసన. మందు పూసిన అరచెయ్యి నాలోపల ముడుచుకుంది. అక్కడ జంతువులను సాకే మార్గరెట్ సిరంజితో చుక్కచుక్కగా నీళ్ళు పట్టేది. ఆ నేల మొదటి మనుషుల కథల్లో నీళ్ళన్నీ దాచేసింది కొవాలాయేనట. ఇప్పుడది చుక్క కోసం నాలుక చాపుతోంది.

నీళ్ళు తాగింది గాని, దాని తిండి అయిన యూకలిప్టస్ ఆకు ముట్టలేదు. కొవాలా ప్రతి ఆకునూ వాసన చూశాకే తింటుంది. రూబీ కొమ్మను నాతోనే పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకునేది, చటుక్కున తల తిప్పేసేది. పక్క గూళ్ళలో మిగతావి నములుతున్న చప్పుడు వినిపించేది. రెండోరోజుకి నాకు అర్థమైంది. దాన్ని చంపుతున్నది మంట కాదు, నేను. జారిపోదామంటే నాడా ముడి గట్టిది. చెబుదామంటే నోరు లేదు.

“రేపటికి తినకపోతే సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చేస్తారు,” అని మార్గరెట్ ఎవరితోనో అంది.

ఆ మర్నాడు పొద్దున్నే హైమవతి, జుబేదా రెండో విడత తొడుగులు తెచ్చారు. తన చీరను గుర్తుపట్టి హైమవతి మురిసిపోయింది. అంతలో రూబీ నన్ను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది, తల తిప్పుకుంది. మళ్ళీ తెచ్చుకుంది, మళ్ళీ తిప్పుకుంది. హైమవతి నవ్వు ఆగిపోయింది. వంగి నన్ను వాసన చూసింది.

“నువ్వు చెప్పినప్పుడే జాడించాల్సింది జుబేదా.”

ఆ మాట తెలుగులో అని ఊరుకోవచ్చు, అక్కడ ఎవరికీ తెలిసేది కాదు. కాని మార్గరెట్ వైపు తిరిగి, ఉతకకుండా పంపానని, తప్పు తనదేనని ఇంగ్లీషులో ఒప్పుకుంది. మామూలుగా అయితే జుబేదా దెప్పేది. ఆరోజు దెప్పలేదు. సంచీలోంచి లుంగీతో కుట్టిన గళ్ళ తొడుగు తీసింది.

“ఇది తొడగమనక్కా. ఉతికి ఉతికి దీనికి వాసనే మిగల్లేదు.”

నన్ను విప్పి బకెట్లో పడేశారు. పైన ఏం జరుగుతోందో కనిపించదు. ఎంతసేపో తెలియదు. కరక్, కరక్ అని చప్పుడు. ఆకు నమిలే చప్పుడు.

ఇప్పుడు హైమవతి కుట్టు మిషను సొరుగులో ఉంటున్నాను. నన్ను వేడినీళ్ళలో నాలుగుసార్లు ఉతికి ఎండేసింది. పసుపు చుక్క పోయింది. ఏ గుడ్డ కత్తిరించబోయినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. సొరుగు తీసినప్పుడల్లా నాకు భయమే. నాలో ఆ వాసన ఇంకా ఉందేమో. ఎవరి వాసన వాళ్ళకు తెలియదు కదా.